నాలుగు వేళ్ళు దిగిన సీటు

మోకాలు నాది. కోత నాది, కుట్లు నావి. అయినా ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచి అది హౌరాలోని మా మునిసిపల్ క్వార్టర్ల ఉమ్మడి ఆస్తి అయిపోయింది. ఎవరొచ్చినా ముందు లుంగీ పైకి తియ్యమంటారు. కుట్లు చూస్తారు. చూసి ఊరుకోరు, వేలితో నొక్కుతారు. ‘‘నొప్పుందేటి?’’ అని అడుగుతారు. వేలు పెట్టి పొడిస్తే నొప్పుండదా మరి! ఆ తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, వాళ్ళ మేనమామకో తోడికోడలి తండ్రికో ఇలాగే మోకాలు కోస్తే ఇంక జన్మలో లేవలేదన్న కథ మొదలుపెడతారు. టీ తాగి, మేం తెచ్చుకున్న బిస్కట్లన్నీ తిని, ‘‘నువ్వేటీ బెంగెట్టుకోకు’’ అని చెప్పి వెళ్ళిపోతారు.

మందుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పై వాటాలో ఉండే ఒకావిడ శ్రీకాకుళం నుంచి వచ్చే వాళ్ళెవరి చేతనో హౌరా దాకా రైల్లో నల్లేరు కాడలు తెప్పించింది. ఎముకలకి మంచిదట. నాకు తెగింది ఎముక కాదు, లోపలుండే లిగమెంటు, మొర్రో అంటే వినేదెవరు? మా ఆవిడ దాన్ని పచ్చడి చేసి మూడు పూటలు పెట్టింది. గొంతు దురదతో రెండు రోజులు మాట రాలేదు. ఆ రెండు రోజులూ మోకాలు మాత్రం గుర్తుకు రాలేదు, అంతవరకు ఆ మందు పనిచేసిందనే చెప్పాలి.

నా ఉద్యోగం గురించి చెప్పకపోతే ఈ గోలంతా ఎందుకో అర్థం కాదు. నేను మునిసిపాలిటీ నీళ్ళు వదిలే మనిషిని. మా వార్డులో నా కింద పదకొండు సందులున్నాయి. ఒక్కో సందు మొదట్లో నేలలో ఒక ఇనుప మూత, దాని కింద ఒక వాల్వు. నా ఛాతీ ఎత్తు ఇనుప కడ్డీ ఒకటుంటుంది, పైన అడ్డంగా రెండు చేతుల పిడి. దాన్ని మేం చాబీ అంటాం. మూత తీసి, చాబీ దించి, తిప్పితే ఆ సందుకి నీళ్ళు. పొద్దున్న ఆరింటికల్లా కుళాయిల్లో నీళ్ళుండాలంటే ఐదున్నరకే మొదటి మూత దగ్గర ఉండాలి. తొమ్మిదింటికి మళ్ళీ అన్నీ కట్టాలి. సాయంత్రం నాలుక్కి మళ్ళీ ఇదే తంతు. నడిచి చేసే పని కాదు. చాబీని సైకిలు నడి రాడ్డుకి పాత ట్యూబు రబ్బరుతో రెండు చోట్ల కట్టుకుని ఇరవై ఏడేళ్ళుగా తిరుగుతున్నాను. నా పేరు ఆ సందుల్లో ఎవరికీ తెలీదు. ‘చాబీ దాదా’ అంటే చాలు.

వానల మొదట్లో పడ్డాను. ఏడో తరగతి పిల్లాడు కూడా పడని చోట పడ్డాను, అదీ నా ఏడుపు. రోడ్డు పక్క నాచు మీద ముందు చక్రం జారింది. సైకిలు ఒక పక్కకి, నేనొక పక్కకి. మధ్యలో ఆ ఇనుప చాబీ వచ్చి కుడి మోకాలి మీద పడింది. ఎవరో ఇంటికి పరిగెత్తి చెప్పారు. మా ఆవిడ పొయ్యి మీద అన్నం వదిలేసి చెప్పులు లేకుండా వచ్చింది. ఆమె వచ్చేసరికి నేను రోడ్డు మీద పడుకుని, ఇంకా నాలుగు సందులు మిగిలిపోయాయని అరుస్తున్నానట. నాకు గుర్తులేదు. ఆమెకి మాత్రం బాగా గుర్తుంది.

ఆపరేషనయ్యాక మా సూపర్‌వైజర్ చూడ్డానికి వచ్చాడు. బెంగాలీ మనిషి, నాకంటే చిన్నవాడు, మంచివాడు. డబ్బాతో రసగుల్లాలు తెచ్చాడు. ‘‘దాదా, కాళీపూజ దాటేదాకా టైముంది. అప్పటికి నా కళ్ళ ముందు సైకిలు తొక్కి చూపిస్తే నీ సందులు నీవే. తొక్కలేకపోతే పంపుహౌసులో కుర్చీ ఇప్పిస్తాను, మిగిలిన నాలుగేళ్ళూ హాయిగా కూర్చో’’ అన్నాడు. కాళీపూజంటే మన దీపావళి నాడే. ఈలోగా నా చోట ఒక కాంట్రాక్టు మనిషిని పెట్టాడు.

ఆ కుర్చీ నాకు తెలుసు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ఎదురుగా పంపు బోర్డు, ఒక ఆకుపచ్చ బటను, ఒక ఎర్ర బటను. గంటకోసారి ముల్లు ఎక్కడుందో చూసి పుస్తకంలో రాయాలి. కిటికీ కూడా లేదు. గోడకి ఒక ఫ్యాను ఉంది. ఆ ఫ్యాను మాట వినగానే మా ఇంట్లో పెళ్ళికళ వచ్చేసింది.

‘‘ఫేనుకింద కూకుని జీతం! ఏ జన్మలో ఏ పున్నెం సేసినావో మావా!’’ అంది మా ఆవిడ. క్వార్టర్ల జనమంతా కూడా అదే పాట. అదృష్టం కాళ్ళ దగ్గరికొచ్చిందట. కాదు, మోకాలి దగ్గరికొచ్చిందట. ఇలాంటి జోకులు కూడా వేసేవాళ్ళు, పెద్దమనుషుల ముఖాలు పెట్టుకుని.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరికి చెప్పినా అర్థమయ్యేది కాదు. వాల్వు తిప్పాక నాలుగైదు క్షణాలు ఏమీ వినపడదు. తర్వాత కాళ్ళ కింద గొట్టంలో గరగరమని గాలి కదులుతుంది. సందు చివరి కుళాయి ఒకటి దగ్గుతుంది. అప్పుడు బకెట్ల చప్పుడు. ఆడవాళ్ళు తిడతారు కూడా. ‘‘జల్ కోథాయ్, దాదా?’’ అని ఇంట్లోంచే కేకేస్తారు, నీళ్ళేవీ అని, నేనేదో జేబులో దాచుకున్నట్టు. పూజల రోజుల్లో అయితే పందిరి వాళ్ళు సరిగ్గా నా మూత మీదే వెదురు పాతుతారు, వాళ్ళతో రోజూ కొట్లాట. అదంతా నా బతుకు. నన్ను తీసుకెళ్ళి గోడ ఎదురుగా కూర్చోబెడితే నేను బతకలేను. ఇది నాటకం కాదు, నిజంగానే భయమేసింది. రాత్రిపూట ఆపరేషన్ కంటే ఆ ఎర్ర కుర్చీయే ఎక్కువ కలలోకొచ్చేది.

అందుకని ఫిజియోథెరపీకి ఒక్క రోజు మానలేదు. బస్సు, ఆటో, మళ్ళీ ఆటో. అక్కడి అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. నన్ను ‘కాకు’ అంటుంది, బాబాయ్ అన్నట్టు. పిలుపు తియ్యగానే ఉంటుంది, పని మాత్రం జైలరు పని. మంచం మీద పడుకోబెట్టి మడమ పిరుదు దాకా లాగమంటుంది. ‘‘ఆర్ ఎక్టు’’ అంటుంది, ఇంకొంచెం అని. ఆ ఇంకొంచానికి అంతులేదు. నేను తెలుగులో తిట్టుకునేవాణ్ణి. ఒకరోజు నవ్వుతూ, ఈ తిట్టు మొన్నటిది కాదు కదా, కొత్తదా అని అడిగింది. అప్పట్నుంచి మనసులోనే తిట్టుకున్నాను.

మూడో నెల చివర్లో ఆ గదిలో మూలనున్న సైకిలు ఎక్కించింది. చక్రాల్లేని సైకిలు, ఎక్కడికీ పోదు. పెడలు పైకొస్తుంటే కళ్ళు మూసుకున్నాను. మోకాలు కాస్త బిగిసింది, తర్వాత వదిలింది. పెడలు పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. ఇంకోటి. ఇంకోటి. యాభై ఆరేళ్ళ మనిషిని, ఆ గదిలో అంతమంది ముందు గట్టిగా నవ్వేశాను. మా ఆవిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని బెంచీ మీద కూర్చుని చూస్తోంది. ఆమె నవ్వలేదు. నేను తెర వెనక్కి వెళ్ళి ప్యాంటు మార్చుకుని వచ్చేసరికి ఆ అమ్మాయి ఆమెతో ఏదో చెబుతోంది. ఏమందని ఆటోలో అడిగాను. ‘‘ఏటీ నేదు, కాలికి నూని రాయమంది’’ అంది.

ఆ ఆదివారమే నా సైకిలు బయటికి తీశాం. తీశాం అంటున్నాను గానీ నన్ను ముట్టుకోనిచ్చారా? సంత్రాగాఛి రైల్వే యార్డులో ఫిట్టరుగా పనిచేసే మా బావమరిది పొద్దున్నే పానాల సంచీతో దిగాడు. వాడికి ఏ వస్తువు చూసినా ఎక్కడో ఒక బోల్టు వదులుగా కనిపిస్తుంది. వాడి వెనకాల క్వార్టర్ల మగాళ్ళందరూ చేరారు. అరగంట చర్చ. తేలిందేమిటంటే, సీటు దించాలి.

‘‘పాదాలు రెండూ నేలకి బాగా ఆనాల బావా. తూలితే కాలెట్టీడమే’’ అన్నాడు బావమరిది.

‘‘ఇన్నేళ్ళు తొక్కిన సీటురా అది’’ అన్నాను.

‘‘అప్పటి కాలా ఇది? నాకొదిలీ. రైలు పెట్టెలకే రిపేరీలు సేత్తన్నాను, సైకిలెంత!’’

పిల్లలకి సైకిలు నేర్పేటప్పుడు మా వాళ్ళు చేసే మొదటి పని అదే, సీటు దించడం. జబ్బుపడి లేచినవాడు కూడా పిల్లాడే అని వాళ్ళ లెక్క. నిజం చెప్పాలంటే నాకూ లోపల భయంగానే ఉంది. మళ్ళీ పడితే ఇంకంతే కదా. సరే కానీ అన్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, ‘‘బాగా దించరా తమ్ముడూ’’ అంది. నాలుగు వేళ్ళ మేర దించాడు. దించి, మళ్ళీ పైకి రాకుండా బోల్టుని సుత్తితో కొట్టి మరీ బిగించాడు. నన్ను దానిమీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకి పరిచి ఉండగా ఫోనులో ఫోటో తీసి నాకు పంపించాడు కూడా. ఆ ఫోటోలో నేను మూడు చక్రాల బండి ఎక్కిన చంటిపిల్లాడిలా ఉన్నాను.

అక్కడి నుంచి మొదలైంది నా అవస్థ. పెడలు కింద నుంచి బయల్దేరుతుంది, వెనకనుంచి లేస్తుంది, పైకి వెళ్ళే ముందు టక్కున ఆగిపోతుంది. మోకాలు గడ్డం దగ్గరికి వచ్చి ఇంక వంగనంటుంది. బలవంతం చేస్తే ప్రాణం పోయేంత నొప్పి. వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి. మళ్ళీ అక్కడే ఆగడం. గోడ పట్టుకుని రోజూ సాయంత్రం గంటసేపు ఇదే పని. మధ్యలో చూసేవాళ్ళ సలహాలొకటి. ఊపిరి బిగబట్టమని ఒకరు, వదలమని ఇంకొకరు. ఎడమకాలితోనే తొక్కితే పోలేదా అని ఒక మహానుభావుడు అడిగాడు. ‘‘నీ తలకాయతో తొక్కుతాను, ఇలా తే’’ అన్నాను. అతను ఆ తర్వాత వారం రోజులు మా గుమ్మం తొక్కలేదు, అదొక మేలు.

రెండు వారాలు గడిచాయి. ఒక్క చుట్టు పూర్తిగా తిరగలేదు. ఆసుపత్రి సైకిలు తిరుగుతుంది, నా సైకిలు తిరగదు! నాకు బుర్ర పనిచెయ్యలేదు. వాళ్ళ మెషీనులో ఏదో కిటుకు ఉంటుంది, పేషెంట్లని సంతోషపెట్టడానికి అలా పెడతారనుకున్నాను. నా మోకాలు ఇంక ఇంతే, అసలు సంగతి నాకు చెప్పడం లేదనుకున్నాను. అడిగితే అదే మాట వినాల్సొస్తుందని అక్కడ నోరెత్తలేదు. కాళీపూజ దగ్గరపడుతోంది. ఒక సాయంత్రం సైకిలు గోడకి ఆనించి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టింది.

‘‘పోనీలే మావా. కుర్సీ ఉంది కదా’’ అంది.

మాటలో జాలి ఉంది. చెయ్యి కూడా భుజం మీద వేసింది. ఆ రోజు మొదటిసారి, సరేలే, కుర్చీయే అని మనసులో ఒప్పేసుకున్నాను.

మర్నాడు ఫిజియోథెరపీకి ఒంటరిగా వెళ్ళాను. కోపమంతా ఆ అమ్మాయి మీద చూపించాను. నీ మెషీను అబద్ధాలాడుతోంది, ఇక్కడ తిరిగే కాలు ఇంట్లో తిరగడం లేదు, నాతో ఆటలాడుతున్నావా అని వచ్చీరాని కోపపు బెంగాలీలో అరిచాను. ఆ అమ్మాయి నెమ్మదిగా ప్లాస్టిక్ కొలత పెట్టి నా మోకాలు కొలిచింది. పోయినసారి కంటే ఎక్కువే వంగుతోందంది. మీ సైకిలు ఫోటో ఉందా కాకు అని అడిగింది. బావమరిది తీసిన ఫోటో చూపించాను. చూసి నుదురు కొట్టుకుంది.

‘‘ఎవరు దించారు సీటు? ఇంత కిందుంటే పైకొచ్చేటప్పుడు మోకాలు ఎంత వంగాలో తెలుసా? కొత్తగా కోసిన మోకాలు అంత వంగదు, వంచకూడదు కూడా. సీటు పెంచాలి! మడమ పెడలు మీద పెట్టి కిందకి తొక్కితే కాలు దాదాపు నిటారుగా చాపుకోవాలి. మామూలుగా ఉండేదానికంటే నాలుగు వేళ్ళు పైకి పెట్టమని ఆ రోజు కాకీమాకి చెప్పాను కదా. చేత్తో చూపించి మరీ చెప్పాను.’’

కాకీమా అంటే మా ఆవిడ.

బస్సులో ఎలా కూర్చున్నానో, ఎక్కడ దిగానో తెలీదు. అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆవిడకి బెంగాలీ రాకపోవడమనే ప్రశ్నే లేదు. పుట్టింది ఇక్కడే, చేపల బజార్లో బెంగాలీ వాళ్ళతోనే బేరమాడి నెగ్గుతుంది. విన్నది, అర్థమైంది. పెంచమంటే దించమంది. నేను ఇంట్లోకి వెళ్ళేసరికి కూరగాయలు తరుగుతోంది.

‘‘సీటు పెంచమని చెప్పిందట కదా ఆ పిల్ల?’’ అన్నాను.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. అబద్ధం చెబుతుందేమోనని చూశాను. చెబితే బాగుండునని కూడా అనిపించింది.

‘‘సెప్పింది’’ అంది. ‘‘నానే దించమన్నాను.’’

‘‘రెండు వారాలు! రెండు వారాలు నేను ఆ గోడ పట్టుకుని ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావు! నా కాలు పోయిందనుకున్నానే! మనిషివేనా నువ్వు?’’

‘‘మనిసినే. నువ్వు రోడ్డు మీద పడున్నప్పుడు సూసింది నానే. కాలు అటు తిరిగిపోయుంది, ఆ ఇనపకడ్డీ నీ మీదుంది. నువ్వేమో నీల్లు, నీల్లు అని కేకలు. నన్ను సూసి ఒక్క మాటన్నావేటి? ఇరవయ్యేడేల్లు, ఒక్క పొద్దున్నైనా నాతో కూకుని టీ తాగినావేటి? అయిదింటికే ఎల్లిపోతావు. ఎవులెవులికో నీల్లిస్తావు. నాకు ఒక్క పొద్దు కావాల. ఆ కుర్సీ వొచ్చిందని నాను దేవుడికి దండమెట్టుకున్నాను, అది తప్పా?’’

‘‘తప్పే!’’ అని అరిచాను. ‘‘నీకు పొద్దు కావాలంటే నన్నడుగు. నా కాలు దొంగిలించకు.’’

ఆ మాట అనవలసింది కాదేమో. కానీ అన్నాను, ఇప్పటికీ అది అబద్ధమని అనను. ఆమె తరిగిన బెండకాయలు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటల్లేవు. అన్నం పెడుతుంది, కంచం చప్పుడుతోనే పిలుస్తుంది. నేనూ తగ్గలేదు.

సీటు పెంచడం ఇంకో యుద్ధం. బావమరిది రైలు పెట్టె బోల్టు బిగించినట్టు బిగించాడు కదా, ఎవడికీ కదల్లేదు. సైకిలు నడిపించుకుంటూ పెద్దరోడ్డు మీదున్న సైకిలు మిస్త్రీ దగ్గరికి వెళ్ళాను. కిరసనాయిలు పోసి, కొట్టి, మళ్ళీ పోసి, చివరికి ఆ బోల్టుని కోసేశాడు. ఎవడు బిగించాడని అడిగి, నేను చెబితే, రైలెక్కాలంటే ఇంక భయమేస్తోంది దాదా అన్నాడు. కొత్త బోల్టు వేసి, పాత ఎత్తుకంటే పైకి పెట్టాడు. దుకాణం ముందున్న సిమెంటు దిమ్మ మీద నిలబడి ఎక్కాను, ఎందుకంటే పాతలాగా రెండడుగులు తోసి కుడికాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం ఇంక నా వల్ల కాదు. పెడలు తొక్కాను. పైకొచ్చింది. దాటింది. చుట్టు తిరిగింది! ఇంకో చుట్టు. కూడలి దాకా వెళ్ళి, ఎక్కడ దిగాలో తెలియక, ఒక దీపస్తంభం పట్టుకుని ఆగి ఏడ్చాను. సిగ్గెందుకు చెప్పడానికి, బాగా ఏడ్చాను.

కాళీపూజ వెళ్ళిన మూడో రోజు పంపుహౌసు ఆవరణలో సూపర్‌వైజర్ ముందు నాలుగు చుట్లు తొక్కాను. చప్పట్లు కొట్టాడు. ‘‘రేపట్నుంచే రా, దాదా. ఆ కాంట్రాక్టు మనిషి మీద రోజూ కంప్లయింట్లే’’ అన్నాడు. అతనూ సైకిలే చూశాడు. ఫిజియో అమ్మాయీ సైకిలు గురించే అడిగింది. మా ఇంట్లో యుద్ధమూ సైకిలు మీదే. నేను పడింది సైకిలు మీద నుంచి కదా, అందుకని మా అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. సైకిలు దిగాక చెయ్యాల్సిన పని ఒకటుందని ఒక్కరికీ తట్టలేదు. నాక్కూడా! చాబీ తిప్పడం చేతుల పని అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న చాబీ రాడ్డుకి కట్టుకుని బయల్దేరాను. మా ఆవిడ లేచే ఉంది, మాట్లాడలేదు. గాలి చల్లగా ఉంది. మొదటి సందులో మూత తీసి చాబీ దించి తిప్పబోయాను. కదల్లేదు. ఆ కాంట్రాక్టు మహానుభావుడు ప్రతి వాల్వునీ ఒళ్ళు బలం కొద్దీ బిగించి పెట్టాడు. పళ్ళు బిగించి లాగితే చివరికి తిరిగింది. కానీ తిరిగేటప్పుడు ఒంటి బరువంతా కుడికాలి మీద మెలిపడింది. మోకాలు కలుక్కుమంది. రెండో సందులో ఎడమకాలు ముందుకి పెట్టి చూశాను. మూడోది, నాలుగోది ఎలాగో అయ్యాయి. ఆరోదానికొచ్చేసరికి చెమటలు పట్టాయి, టైము ఆరు దాటిపోయింది.

ఏడో సందు మా క్వార్టర్ల వెనకదే. అప్పటికే బకెట్లు వరసగా ఉన్నాయి. దిగి, చాబీ దించి లాగాను. లేదు. మళ్ళీ లాగాను. మోకాలిలో కత్తి దింపినట్టు నొప్పొచ్చి చేతులు వదిలేశాను. ఇంకోసారి పట్టుకున్నాను గానీ లాగడానికి ధైర్యం చాలలేదు. తెగితే ఇంకేముంది? వదిలేస్తే కుర్చీ, లాగితే మళ్ళీ ఆసుపత్రి. చాబీ పట్టుకుని నిలబడిపోయాను.

‘‘ఏటైంది?’’ అని ఒకరు. ‘‘జల్ కోథాయ్?’’ అని ఇంకొకరు. నాలుగు నెలలు నా కుట్లు నొక్కి చూసిన జనమే, ఇప్పుడు చూడండి, నీళ్ళు లేటైతే మోకాలెవడిక్కావాలి! నేను జవాబు చెప్పలేదు. చెబితే ఆ మాట మధ్యాహ్నానికల్లా సూపర్‌వైజర్ దాకా వెళుతుంది.

ఆ వరసలో నాలుగో బకెట్టు మా ఆవిడది. ఆమె నన్నే చూస్తోంది. అంతా అర్థమైపోయిందని నాకు తెలిసింది. ఆమె నోరు తెరిచి ‘‘ఈయనకి సేతకావట్లేదు’’ అంటే చాలు, కుర్చీ ఖాయం. పొద్దున్న టీ ఖాయం. తలొంచుకున్నాను.

బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. వచ్చి చాబీ పిడికి అటు పక్క పట్టుకుంది.

‘‘ఎటు తిప్పాల?’’ అంది. పదకొండు రోజుల తర్వాత మొదటి మాట.

‘‘నీ వైపు లాగు. నేనిటు తోస్తాను. కుడికాలి మీద బరువెయ్యను.’’

‘‘ఎయ్యకు. ఎయ్యకు. లాగుతున్నాను కదా, నువ్వు ఊరికే పట్టుకో.’’

మొదట కదల్లేదు. ఆమె చీర కొంగు నడుముకి దోపి, కాళ్ళు ఎడంగా పెట్టి, ‘‘ఓలమ్మా!’’ అంటూ వెనక్కి వాలింది. వాల్వు కిర్రుమని కదిలింది. పావు చుట్టు, అర చుట్టు. కాళ్ళ కింద గాలి కదిలింది. ఆమె ఉలిక్కిపడి నేల వంక చూసింది. ఇరవై ఏడేళ్ళు ఆ కుళాయి నీళ్ళు పట్టుకుంది గానీ ఆ చప్పుడు ఆమె ఎప్పుడూ వినలేదు.

‘‘ఇదా?’’ అంది.

‘‘ఇదే’’ అన్నాను.

వరసలో ఎవరో, ఇరవై నిమిషాలు లేటు అని సణిగారు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ అటు తిరిగింది. ‘‘వొచ్చినాయి కదా నీల్లు? పట్టుకో. మాట్లాడకు!’’ అని గద్దించింది. తన బకెట్టు పక్కావిడకి అప్పజెప్పి, చేతులకంటిన తుప్పు కొంగుకి తుడుచుకుంది.

‘‘ఇంకెన్నున్నాయి?’’

‘‘నాలుగు.’’

‘‘పద.’’

‘‘కుర్చీ మాటేమిటి?’’ అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

‘‘మీ సూపరయిజరుకి నాను సెప్పను. నువ్వూ సెప్పకు’’ అంది. గొంతులో కోపం అలాగే ఉంది, ఇసుమంతైనా తగ్గలేదు. ‘‘నీ కాలు నీకిచ్చీసినాను. మల్లీ ఆ మాటనకు.’’

ఎనిమిదో సందుకి దారి ఎటో నేను చెప్పకముందే ఆమె నడక మొదలుపెట్టేసింది, అదీ తప్పు దారిన. ‘‘అటు కాదు, ఇటు’’ అని కేకేస్తే వెనక్కి తిరిగి నన్నే కసిరింది, ముందే చెప్పొచ్చు కదా అని. చాబీ రాడ్డుకి కట్టాను. ఎక్కడానికి పక్కనే దిమ్మ కూడా ఉంది. ఎక్కలేదు. నాలుగు నెలలు ఆ సైకిలెక్కడం కోసం అందరి ప్రాణాలూ తీసినవాణ్ణి, ఆ పూట మిగిలిన నాలుగు సందులూ దాన్ని పక్కన నడిపించుకుంటూ ఆమెతో పాటే నడిచాను.